వంకకు ఎంత దారి వదలాలి?

మా వూరి వంకను చూస్తే కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. ఏడాదిలో పదకొండు నెలలు అందులో ఇసుక తప్ప ఏమీ వుండదు. మేకలు పండుకుంటాయి, పిల్లలు క్రికెట్టు ఆడతారు, ఎండాకాలం పెండ్లిళ్లకు షామియానా వేసేది కూడా అక్కడే. నిరుడు మా వూరికొచ్చిన కోనసీమ మిత్రుడొకడు దాన్ని చూసి, "దీనికి కూడా ఒక పేరు పెట్టుకున్నారా మీరు!" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. ఇంటి వెనక చింతచెట్టు దగ్గరికి తీసుకుపోయి, మొద్దు మీద నా ఛాతీ ఎత్తున వున్న మట్టి మరకను చూపించాను. వాడి నవ్వు ఆగింది.

మాది నంబులపూలకుంట మండలం. పేరులోనే కుంట వుంది. తిమ్మమ్మ మర్రిమాను వున్న మండలం అంటే చాలామందికి తెలుస్తుంది. ఈ మధ్య సోలారు పలకల మండలం అంటే ఇంకా తొందరగా తెలుస్తుంది. మా వంక పోయి పాపాఘ్నిలో కలుస్తుంది. పాపాఘ్ని కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి, తనకల్లు మీదుగా వచ్చి, గాలివీడు దగ్గర వెలిగల్లు ప్రాజెక్టులో ఆగి, గండి దగ్గర కొండను చీల్చుకుని, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. మా ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. ఇలాంటి చోట వరదను గురించి వ్యాసం రాస్తానంటే సావనీర్ సంపాదక మిత్రులు కూడా మొదట నన్ను వింతగానే చూశారు. "కరువు మీద రాయరాదా?" అన్నారు. కరువు మీద రాసేవాళ్లకు మన సీమలో కొదవ లేదు. ఆ కరువు వల్లే వరద లెక్క మనకు తప్పిపోతున్నదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2021 నవంబరు. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, 19వ తేదీన చెన్నైకి, పుదుచ్చేరికి నడుమ తీరం దాటింది. ఆ రెండు రోజుల వానకు మా పైన వున్న చెరువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మరవ పారాయి. రాత్రి ఏదో లారీ వస్తున్నట్టు చప్పుడయింది. మా నాయన టార్చి తీసుకుని బయటికి పోయి, వెంటనే వెనక్కి తిరిగి, "వంక వచ్చిందిరా, ఎద్దుల్ని విప్పండి" అని కేకేశాడు. తెల్లవారేసరికి మోటారు కొట్టం లేదు, స్టార్టరు పెట్టె లేదు, డ్రిప్పు పైపుల చుట్టలు లేవు, శెనక్కాయ కట్టె వామి మొత్తం పోయింది. అది ఎద్దులకు ఏడాది మేపు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మోటారు కొట్టం మా పట్టా భూమిలో లేదు. వంక పోరంబోకులో వుంది. మా నాయన వంకను ఆక్రమించాలని దుర్బుద్ధితో కట్టలేదు. ఆయన ఇరవై ఏండ్లుగా ఆ గట్టు మీదికి నీళ్లు రావడం చూడలేదు, అంతే. పక్క రైతులదీ అదే కథ. ఇరవై ఏండ్లు రాని నీరు ఇక రాదని మనిషి అనుకోవడం సహజం. ఇంజనీరు కూడా అలాగే అనుకుంటే, అప్పుడు వచ్చేది పెద్ద ముప్పు.

ఆ మూడు నాలుగు రోజులు మా చుట్టుపక్కల ఏం జరిగిందో పత్రికలు చదివినవాళ్లకు గుర్తుండే వుంటుంది. చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి నడుమ చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పైకి లాగవలసి వచ్చింది. మా పాపాఘ్ని మీద కమలాపురం వంతెన కూలింది. అన్నిటికన్నా ఘోరం రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీరు కూడా వచ్చి దీని మీద పడింది, 19వ తేదీ తెల్లవారుజామున దీని మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీదికి నీళ్లు పోయి పదులమంది చనిపోయారు. తర్వాత అసెంబ్లీలో చెప్పిన లెక్క ఇదీ: ఆ ప్రాజెక్టు వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.2 లక్షల క్యూసెక్కులు. ఒక గేటు లేవలేదని కేంద్రమంత్రి రాజ్యసభలో చెప్పారు. గేటు సంగతి మనుషుల నిర్లక్ష్యం, దానికి వేరే వ్యాసం కావాలి. కానీ గేట్లన్నీ నిక్షేపంగా లేచినా, ఆ రెండు అంకెల నడుమ లక్ష క్యూసెక్కుల తేడా అలాగే వుంటుంది. అంటే అక్కడ తప్పింది గేటు ఒక్కటే కాదు, ఊహ కూడా.

పెద్ద నదుల సంగతీ ఇంతే. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు, శ్రీశైలానికి 19 లక్షల క్యూసెక్కులు మించి రావని వేసుకున్న లెక్క ఏమయింది? 25 లక్షల దాకా వచ్చింది. కృష్ణ మీద ఏళ్ల తరబడి కొలతలున్నాయి. అక్కడే అలా అయితే, ఎవరూ ఒక్క రోజు కూడా కొలవని మా వంక గతేమిటి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నిరుడు మా వూరి పక్కన ఇండ్ల స్థలాల కోసం నేల చదును చేసి రాళ్లు నాటారు. వంకకు దగ్గరి చోటు. పోరంబోకు గనుక కొనే పని లేదు, చదునుగా వుంది గనుక ఖర్చు లేదు. నాటిన రాళ్లలో సుమారు సగం 2021 నీటి గీతకు కిందనే వున్నాయి. గ్రామసభలో లేచి ఈ మాట అన్నాను. కొలతకు వచ్చినాయన నన్ను కసరలేదు, మంచిగానే అడిగాడు: "నీళ్లు వచ్చాయంటున్నావు, సరే. ఎంత వచ్చాయి? ఎన్నేండ్లకు ఒకసారి వస్తాయి? లెక్క ఏది బాబూ?"

నా దగ్గర లెక్క లేదు. బి.యస్సీ. చదువుతున్నాను, న్యూటన్ సూత్రాలు అప్పజెప్పగలను, మా ఇంటి వెనక వంకలో ఎంత నీరు వచ్చిందో చెప్పలేను! సభలో అందరూ నవ్వారు. ఆ పట్టాలు వచ్చినవాళ్లలో మా చిన్నమ్మ కూడా వుంది. ఆమె మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక, "పదేండ్లు అర్జీలు పెట్టుకుంటే వచ్చింది రా ఈ సెంటున్నర. నీ చదువుతో అది కాస్తా పోగొడతావా?" అని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు గ్రామసభలో నవ్వుల కన్నా ఎక్కువ తగిలింది.

సరే, లెక్క వేద్దామని కూర్చున్నాం నేనూ, ఇద్దరు మిత్రులూ. లైబ్రరీలో ఇంజనీరింగు పుస్తకాలు తిరగేస్తే మొదట దొరికేది సూత్రాలు. 1865 నాటిది డికెన్స్ సూత్రం, 1884 నాటిది రైవ్స్ సూత్రం. రెండోది మన పాత మద్రాసు రాజధాని ప్రాంతాల కోసమే పుట్టింది. పరీవాహక ప్రాంతం ఎన్ని చదరపు కిలోమీటర్లో తీసుకుని, దాన్ని రెండింట మూడో వంతు ఘాతానికి ఎత్తి, ఒక గుణకంతో హెచ్చవేస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. గుణకం ఎంత? తీరానికి 80 కిలోమీటర్ల లోపయితే 6.8, 80 నుంచి 160 దాకా అయితే 8.5, గుట్టల దగ్గరి చిన్న ప్రాంతాలకు 10.2. మా వూరు సముద్రానికి 160 కన్నా ఎక్కువ దూరం. అంటే దొరవారి గీతకు మేము అవతలే వున్నాం. చదువు సంగతి కూడా మా మండలానికి ఇలాగే వుంటుంది లెండి.

మ్యాపు మీద గీసి చూస్తే మా వంకకు నీళ్లిచ్చే నేల సుమారు 25 చదరపు కిలోమీటర్లు. రైవ్స్ ప్రకారం చిన్న గుణకంతో 58, పెద్ద గుణకంతో 87 ఘనపు మీటర్లు. డికెన్స్ సూత్రంలో గుణకం 14 వేస్తే 156. గుణకాలు ఇంకా మార్చుకుంటూ పోతే ఏ అంకె కావాలంటే ఆ అంకె తెచ్చుకోవచ్చు. వానను బట్టి కట్టే ఇంకో పద్ధతి వుంది: వాన ఎంత జోరుగా పడింది, అందులో ఎన్నో వంతు పారింది, నేల ఎంత - ఈ మూడింటినీ హెచ్చవేయడం. గంటకు 40 మిల్లీమీటర్ల వాన 25 చదరపు కిలోమీటర్ల మీద పడి, అందులో మూడు పదో వంతులు పారితే 83 ఘనపు మీటర్లు. ఆరు పదో వంతులు పారితే 167.

ఈ మూడుకూ ఆరుకూ తేడా ఏమిటో నా అంతట నేను రైతు బిడ్డగా చెప్పగలను, దానికి పుస్తకం అక్కర్లేదు. జూన్‌లో మొదటి వానకు ఎండిన ఎర్రనేల నీళ్లు తాగేస్తుంది, వంకకు చుక్క చేరదు. అదే వాన నవంబరులో, వారం రోజులు నానిన నేల మీద, కుంటలన్నీ నిండి వున్నప్పుడు పడితే? పడింది పడినట్టే పారుతుంది. గుట్టల మీద చెట్టూ పొదా పోయి, గడ్డి మొలిచే బీడును యంత్రాలతో చదును చేసి తొక్కిపెడితే కూడా అంతే. మా మండలంలో 2016 నుంచి సోలారు కరెంటు తయారవుతున్నది. వేల ఎకరాలు దానికి పోయాయి. కరెంటు వద్దని నేననను. ఆ పలకల మీద పడ్డ వాన అంచు నుంచి ధారగా జారి, బిగిసిన నేల మీద పడి, తొందరగా వంక పడుతుంది కదా, మరి ఆ వంకల లెక్క పాత గుణకంతోనే వేస్తే ఎట్లా అని మాత్రం అడుగుతాను.

సూత్రాలు తప్పని కాదు. కొలతలు లేనిచోట ఏదో ఒకటి కావాలి గనుక పుట్టాయవి. కేంద్ర జల సంఘమూ, రైల్వేలూ, వాతావరణ శాఖా, రవాణా శాఖా కలిసి, దేశాన్ని 26 ఉపమండలాలుగా విడగొట్టి, కొన్ని వంతెనల దగ్గర నిజంగా కొలిచి, అంతకన్నా మేలైన పద్ధతులు తయారుచేశాయి. కృష్ణా పెన్నాలకు అలాంటిది ఒక రిపోర్టు వుంది. కానీ పల్లె రోడ్డుకు తూము వేసే కాంట్రాక్టరు దాన్ని తెరిచి చూస్తాడని నేననుకోను.

మా ఫిజిక్సు లెక్చరరు గారు అప్పుడొక మాట చెప్పారు. "వచ్చిపోయిన వరదను కూడా కొలవచ్చు. అది సంతకం పెట్టి పోయివుంటుంది, మీరు వెతకాలి." సంతకం అంటే నీటి మరక. చింతచెట్టు మొద్దు మీది మట్టి, బడి గోడ మీద పసుపుపచ్చ గీత, ముళ్లకంపలో ఇరుక్కున్న ప్లాస్టిక్కు సంచులు. అవి ఏ ఎత్తున వున్నాయో కొలిచి, అక్కడ వంక అడ్డకోత ఎంత, వాలు ఎంత, నేల ఎంత గరుకు అన్నది తెలిస్తే, మానింగ్ సూత్రంతో నీరు ఎంత వేగంగా పారిందో కట్టవచ్చు. ఆ సూత్రం మన సిలబస్‌లో లేదు. బి.ఇ. వాళ్లకుంది. కానీ అందులో వున్నది రెండు ఘాతాలూ ఒక భాగహారమే, భయపడవలసింది ఏమీ లేదు.

మాకు లెవెల్ యంత్రం లేదు. మేస్త్రీలు గోడలకు మట్టం చూసే నీళ్ల గొట్టం వుంది. దాన్నే అరువు తెచ్చుకున్నాం. ఒకడు ఈ చివర, ఒకడు ఆ చివర, నడుమ నేను పుస్తకం పట్టుకుని. దసరా సెలవుల్లో నాలుగు రోజులు పట్టింది. వూళ్లోవాళ్లు మేము ఇసుక టెండరుకు కొలుస్తున్నామనుకున్నారు. 250 మీటర్లకు ఒక మీటరు వాలు తేలింది. మరకల ఎత్తున వంక వెడల్పు 30 మీటర్లు, సగటు లోతు మీటరున్నర. గరుకుతనానికి రెండు అంకెలు వేసి చూశాం - ఇసుకా గులకరాళ్లూ అనుకుంటే ఒకటి, కంపచెట్లు కూడా వున్నాయనుకుంటే ఇంకొకటి. నీటి వేగం సెకనుకు మీటరున్నర నుంచి రెండు మీటర్ల దాకా. మొత్తం ప్రవాహం 72 నుంచి 90 ఘనపు మీటర్లు. క్యూసెక్కుల్లో చెప్పాలంటే రెండున్నర వేల నుంచి మూడు వేల పైచిలుకు.

ఇండ్ల స్థలాలకు పోయే దారిలో అదే వంకకు వేసిన తూము సంగతి చూడండి. మీటరు వ్యాసం గొట్టాలు రెండు. నీరు సెకనుకు మూడు మీటర్ల వేగంతో దూకినా ఆ రెండింట్లో పట్టేది అయిదు ఘనపు మీటర్లు కూడా లేదు. వచ్చేది తొంభై, దారి అయిదుకు! మిగతా ఎనభై అయిదు ఎక్కడికి పోవాలి? చిన్న రోడ్ల మీద వరద రోజున నీళ్లు ఎక్కి పారడం మామూలే, అది నేనొప్పుకుంటాను. కానీ ఎత్తు పోసిన రోడ్డు కట్టలాగా అడ్డం నిలబడితే, ఆ నీళ్లు రోడ్డు ఎక్కేలోపల పక్కనున్న ఇండ్ల స్థలాల్లోకి ఎక్కుతాయి. మా నీళ్ల గొట్టం చెప్పిన మాట ఇది.

ఇక ఎన్నేండ్లకు ఒకసారి అన్న ప్రశ్న. "వందేండ్ల వరద" అనే మాట ఎవరు పెట్టారో గానీ చాలా మోసం చేస్తుంది. మా నాయన, "2021లో వచ్చింది కదా, ఇంక నూరేండ్లు నిమ్మళం" అంటాడు. అలా కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక పాలు అవకాశం అని దాని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడాది కూడా ఆ ఒక పాలు అలాగే వుంటుంది. ముప్పై ఏండ్లు నిలిచే ఇల్లు కడితే, ఆ ముప్పై ఏండ్లలో ఒక్కసారయినా ఆ వరద వచ్చే అవకాశం నూటికి 26. పాతికేండ్ల వరదయితే నూటికి 71. ఈ లెక్క ఇంటర్మీడియట్ పిల్లవాడు చేయగలడు. ఒక బస్సు తిరుపతికి క్షేమంగా చేరకపోయే అవకాశం నూటికి 26 అంటే మనం ఎక్కుతామా?

అయితే ఆ నూటికి ఒకపాలు వరద ఎంత పెద్దదో తెలియాలంటే చాలా ఏండ్ల కొలతలు కావాలి. ఇరవై ఏండ్ల అంకెలు చేత పట్టుకుని వందేండ్ల వరదను ఊహించడమంటే, గీతను కాగితం దాటి బల్ల మీద కూడా గీసినట్టు. మా సీమలో ఇంకో చిక్కు వుంది. గోదావరి లాంటి నదిలో ఏటా వచ్చే వరదకూ, ఎప్పుడో వచ్చే పెద్ద వరదకూ తేడా రెండింతలో మూడింతలో. వాన తక్కువ దేశపు వంకల్లో అలా కాదు. పదేండ్లు ఏమీ రాదు, పదకొండో ఏట వచ్చేది సగటుకు ఎన్నో రెట్లు. సగటు అనే మాటకే ఇక్కడ విలువ లేదు. వరసగా పది కరువు సంవత్సరాలు కొలిచినవాడు తన లెక్కను ఎంత నిజాయితీగా వేసినా తక్కువే తేలుతుంది. కరువు మన బావులనే కాదు, జ్ఞాపకాన్ని కూడా ఎండగట్టింది.

పాతవాళ్లకు ఈ సంగతి తెలియదా? కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలూ, ఆరు దోషాలూ అందులో చెప్పారు. నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం ఎలా దోషమో, నీరు ఎక్కువై నేల తక్కువ కావడమూ అలాగే దోషమని ఆ లెక్క. ఎంత నీరు వస్తుందో ముందే అంచనా వేయనివాడు ఆ మాట అనగలడా? ఇంకా దగ్గరికి రండి. 1388 నాటి శాసనమొకటి గౌరీబిదనూరు వైపు దొరికింది - పెన్న నీళ్లను పెనుకొండకు తెమ్మని ప్రతాప బుక్కరాయలు సింగాయ భట్టు అనే జలసూత్ర నిపుణుడికి చెప్పిన సంగతి. మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఏ చెరువు చూసినా గొలుసే. బుక్కపట్నం చెరువు నిండితే ధర్మవరం చెరువు మాట. గొలుసుకు ఒక గుణముంది: పై చెరువులు ఆగినంతకాలం కింద వూరికి వరద తగ్గుతుంది, పైది ఒకటి తెగితే మాత్రం వాన ఇచ్చినదాని కన్నా ఎక్కువ నీరు ఒక్కసారిగా కింద పడుతుంది. పింఛా, అన్నమయ్య చూపించింది పెద్ద ఎత్తున అదే. రైవ్స్ సూత్రంలో చెరువు తెగడానికి చోటు లేదు. మా అవ్వ చిన్నప్పుడు నీరుగంటి రాత్రంతా కట్ట మీద పండుకునేవాడట. ఇప్పుడు కట్ట మీద కంపచెట్లున్నాయి, మరవ దగ్గర ఇండ్లున్నాయి, నీరుగంటి కొడుకు బెంగుళూరులో వాచ్‌మన్‌గా వున్నాడు.

చట్టం సంగతి రెండు మాటలు. నదుల పక్కన ఎక్కడ ఏం కట్టవచ్చో మండలాలుగా విడగొట్టాలని 1975లోనే కేంద్రం రాష్ట్రాలకు నమూనా బిల్లు పంపింది. ఆసుపత్రులు, కరెంటు కేంద్రాల లాంటివి వందేండ్ల వరద గీతకు పైన. ఇండ్లు, బడులు, ఆఫీసులు కనీసం పాతికేండ్ల గీతకు పైన. కింది నేల తోటలకూ ఆటస్థలాలకూ. చక్కగా వుంది. మణిపూర్ 1978లో చట్టం చేసుకుంది. ఇంకొన్ని రాష్ట్రాలు చేసుకున్నాయి. చాలా రాష్ట్రాలు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టాయి. అనంతపురంలో పండమేరు 2022 అక్టోబరులో కాలనీల మీదికి వచ్చింది, 2024 అక్టోబరులో మళ్లీ వచ్చింది. రెండుసార్లూ మునిగింది ఎవరో చూడండి. బంగళాలు మునగలేదు.

ఇక్కడ మా చిన్నమ్మ ఏడుపు నాకు మళ్లీ గుర్తొస్తుంది. వరద గీత గీసి "ఇక్కడ కట్టకూడదు" అనడం తేలిక. మెరక నేలంతా ఎవరి చేతిలో వుంది? పేదవాడికి వంక గట్టు తప్ప మిగిలింది ఏముంది? గీత గీసేవాడు ఆ గీతకు పైన జాగా కూడా చూపించాలి, లేకపోతే ఆ గీత పేదవాడి గొంతు మీద గీసినట్టే. కాబట్టి నేను అడిగేది స్థలాలు రద్దు చేయమని కాదు. రాళ్లు పీకి మెరకకు జరపమని. గీతకు పైన ఒక దొరగారి బీడు నాలుగెకరాలు ఊరికే పడివుంది, కొని ఇవ్వవచ్చు. కింద భాగాన్ని ఆటస్థలం చేయండి, పశుగ్రాసం వేయించండి. వరద తెచ్చిన ఒండ్రుమట్టిలో పంట బాగా పండుతుంది, సేద్యం చేయనివ్వండి. పంట పోతే ఒక ఏడాది పోతుంది. మా నాయన మోటారు కొట్టాన్ని పోయినేడు గట్టు మీదికి మార్చాడు. అందుకు నూరు అడుగుల కేబులు అదనంగా కొనవలసి వచ్చింది, ఇప్పటికీ నన్ను తిడుతూనే వుంటాడు.

విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. మనలో సగానికి పైగా పల్లెల నుంచి వచ్చినవాళ్లం. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులంటే ఏం చేస్తున్నాం? ఊడ్చిన వీధినే మళ్లీ ఊడుస్తున్నాం, ఫోటో దిగుతున్నాం. దానికి బదులు ఒక్కొక్క బృందం ఒక్కొక్క వంక పట్టుకుని నీటి మరకలు కొలిచి, బడి గోడ మీద రంగుతో గీత గీసి తేదీ రాస్తే, పదేండ్లలో ఈ మూడు నాలుగు తాలూకాల వంకలన్నిటికీ ఒక పుస్తకం తయారవుతుంది. 2021 మరకలు ఏటికేడు చెరిగిపోతున్నాయి. మా బడి గోడకు వేసవిలో సున్నం వేశారు, గీత పోయింది. మేము కొలిచివుండకపోతే ఇక ఆ అంకె ఎవరికీ దొరకదు. లెక్చరర్లు మన లెక్కలు దిద్దితే చాలు. పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లయినవాళ్లున్నారు, ఒక పాత లెవెల్ యంత్రం కాలేజీకి ఇప్పిస్తే నీళ్ల గొట్టం బాధ మాకు తప్పుతుంది.

మా లెక్కను కాగితం మీద రాసి, బొమ్మ గీసి, వచ్చే గ్రామసభకు సిద్ధంగా పెట్టుకున్నాను. మొన్న ఆదివారం అవ్వకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, "ఇదేం వంక రా! నా పెండ్లి కాకముందు వచ్చింది చూడు, అదీ వంక. ఆ నల్లగుండు మీద పెద్దమ్మ పసుపు పూసింది, నీళ్లు ఆడికొచ్చి నిలబడినాయని" అంది. పోయి చూశాను. గుండు అక్కడే వుంది. మా చింతచెట్టు మరకకు నిలువెత్తు పైన వుంది. మా చిన్నమ్మ స్థలమే కాదు, మా ఇల్లు కూడా దానికి కిందనే వస్తుందేమో కొలిస్తే గానీ తేలదు. అంత దూరం మట్టం పట్టాలంటే మా గొట్టం చాలదు, ఇంకో ముప్పై అడుగులు కావాలి. సంక్రాంతి సెలవులకు చిన్నమ్మ కొడుకు కదిరి నుంచి తెస్తానన్నాడు.